సిగ్గుతో దాచిన పుండు ప్రాణం మీదికి తెస్తుంది

కాలి బొటనవేలు నల్లబడితే మన పల్లెలో మగవాడు దాన్ని నలుగురికీ చూపిస్తాడు. "ఇది షుగర్ పుండు, ఆలస్యం చేయకు, వరంగల్ పో" అని చెప్పేవారు నర్సింహులపేటలోనే కాదు, చుట్టుపక్కల ఏ తండాలోనైనా ఉన్నారు. అదే నలుపు పురుషాంగం కొన మీద కనిపిస్తే మాత్రం ఆ మనిషి నోరు మెదపడు. భార్యకు చెప్పడు, కొడుకుకు చెప్పడు, చివరకు డాక్టరుకు కూడా చెప్పడు. రెండు చోట్లా జరిగింది ఒక్కటే. రక్తం అందక కండ చచ్చిపోతున్నది. ఒక చోట అది జబ్బు, మరొక చోట అది పరువు సంగతి. ఈ తేడా వల్లనే మనుషులు అంగాన్ని, కొన్నిసార్లు ప్రాణాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఇట్టి విషయం పత్రికలో రాయదగినదేనా అని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాన్ని ఊరి గోడల మీద వేసిన రోజుల్లో కూడా ఇదే మాట అన్నారు. కుష్ఠు, క్షయ, ఎయిడ్స్ అన్నీ ఒకప్పుడు చెవిలో చెప్పుకొన్న మాటలే. వాటి పేరు బాహాటంగా పలికిన తరువాతనే వైద్యం ఇంటింటికీ చేరింది. కనుక ఈ జబ్బు పేరు కూడా పలకవలసిందే.

రక్తం అందకపోతే జరిగేదేమిటి?

కాలువ చివరి మడికి నీరు అందకపోతే ముందుగా ఆ మడే ఎండుతుంది. శరీరంలోనూ అంతే. రక్తం ద్వారా ప్రాణవాయువు అందని చోట కండ మొదట నొప్పి పెడుతుంది, తరువాత నీలంగా, ఆ పైన నల్లగా మారి చచ్చిపోతుంది. డాక్టర్లు దీన్ని గాంగ్రీన్ అంటారు. పురుషాంగానికి కటి భాగం నుంచి రెండు వైపులా రక్తనాళాలు వస్తాయి. రక్తం ధారాళంగా అందే భాగం కనుకనే అక్కడ గాంగ్రీన్ రావడం అరుదు. అరుదైనది వచ్చిందంటే అర్థం ఏమిటి? ఒళ్ళంతటా రక్తనాళాలు బాగా చెడిపోయి ఉన్నాయని. గుండెకు, కాళ్ళకు, కళ్ళకు పోయే నాళాల గతి కూడా అదే కావచ్చు. కాబట్టి దీన్ని ఆ ఒక్క అంగం జబ్బు అనుకోరాదు. ఇది శరీరం మొత్తం పంపిన హెచ్చరిక.

ఈ జబ్బుకు ఎక్కువగా గురయ్యేది చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవారు, మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్ మీద ఉన్నవారు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారిలో నాళాలు మరింత ఇరుకవుతాయి. మూత్రపిండాలు పని చేయనప్పుడు ఒంట్లోని భాస్వరం బయటికి పోదు. అది కాల్షియంతో కలిసి సన్నని రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. బోరు నీళ్ళ గొట్టంలో సున్నం పేరుకుని ధార సన్నబడటం మనం చూసిందే. చివరకు ఆ నాళం మూసుకుపోతుంది. ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు కాల్సిఫైలాక్సిస్. ఇది పురుషాంగానికి వచ్చిన రోగుల్లో సగానికి మించి కొద్ది నెలల్లోనే మరణించినట్లు వైద్య పత్రికలలో నమోదైంది. వారిని చంపింది ఆ పుండు ఒక్కటే కాదు. చీము ఒళ్ళంతా పాకడం, గుండె జబ్బు, అప్పటికే క్షీణించిన శరీరం, అన్నీ కలిసి చంపాయి.

మనకెందుకు వస్తుందిలే అనుకోవడానికి వీలు లేదు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నదని అందులో తేలింది. పట్నం వాళ్ళ జబ్బు అనుకున్నది పల్లెకు ఎప్పుడో వచ్చేసింది. డయాలిసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు బస్సెక్కి పోయివచ్చేవారు నేడు మన మండలాలకు కొత్త కాదు.

గంటల లెక్కన చూడవలసినవి

నాళాలు మెల్లగా మూసుకుపోవడం ఒక రకం. కొన్ని గంటల్లోనే ముంచేవి మరి నాలుగు ఉన్నాయి. వీటిని ప్రతి ఇంట్లోనూ తెలుసుకొని ఉండాలి.

మొదటిది, ముందరి చర్మం వెనక్కి జరిగి మళ్ళీ ముందుకు రాకపోవడం. అది ఉంగరం మాదిరి బిగిసి, కొన వాచి, రక్తం ఆగిపోతుంది. మూత్రానికి గొట్టం వేసిన ముసలివారిలో ఇది జరుగుతూ ఉంటుంది. గొట్టం వేసేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు చర్మాన్ని వెనక్కి తీసినవారు దాన్ని మళ్ళీ ముందుకు జరపాలి. దవాఖానాలో రోగి దగ్గర కూర్చున్న కొడుకులు, కోడళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకొని అడిగితే చాలు.

రెండవది, దారం గాని, రబ్బరు గాని, లోహపు ఉంగరం గాని అంగానికి బిగుసుకోవడం. పసిపిల్లల్లో తల్లి తల వెంట్రుక చుట్టుకొని కోసుకుపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. పిల్లవాడు కారణం లేకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే లాగు విప్పి చూడాలి. పెద్దవారిలో ఉంగరం ఇరుక్కుంటే ఇంట్లో రంపాలు, పటకార్లు పట్టరాదు. దవాఖానాలో దాన్ని కోసే పరికరాలు ఉంటాయి. అక్కడివారికి ఇట్టివి చూడటం కొత్త కాదు.

మూడవది, కోరిక లేకుండానే అంగం నాలుగు గంటలకు మించి గట్టిపడి నొప్పి పెట్టడం. లోపల చేరిన రక్తం బయటికి పోక గడ్డకడుతుంది. డాక్టర్లు సూదితో ఆ రక్తాన్ని తీసి మందు ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజులు గడిస్తే లోపలి కండ శాశ్వతంగా చెడిపోతుంది. పాత ఉమ్మడి వరంగల్ జిల్లా ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఆ జబ్బు నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. పరీక్ష చేయించుకొన్న యువకులకు ఈ విషయం కూడా చెప్పాలి. ఎవరి సలహా లేకుండా మందుల షాపులో కొని వేసుకొనే "శక్తి" గోలీలతోనూ, సూదులతోనూ కూడా ఇట్టి ఆపద రావచ్చు.

నాలుగవది అన్నిటికంటె భయంకరమైనది. వృషణాల సంచి, మలద్వారం, అంగం చుట్టూ ఉన్న చర్మం కింద చీము నిప్పులా పాకడం. పారిస్ వైద్యుడు ఫోర్నియర్ 1883లో దీన్ని వివరించినందువల్ల ఆయన పేరే పెట్టారు. చిన్న గడ్డతోనో, గీరుకొన్న గాయంతోనో మొదలై, లోపలి సన్న నాళాలను మూసివేసి, గంటగంటకూ చర్మాన్ని చంపుకుంటూ పోతుంది. వాపు, చలిజ్వరం, దుర్వాసన, చూస్తే కనిపించేదానికంటె మించిన నొప్పి దీని గుర్తులు. పెద్దాసుపత్రిలో వైద్యం అందినా సుమారు ప్రతి నలుగురైదుగురిలో ఒకరు చనిపోతున్నారు. షుగర్ ఉన్నవారే దీనికి ఎక్కువగా చిక్కుతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ గోలీలు వాడేవారిలో అరుదుగా ఇది రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అంతమాత్రాన ఆ గోలీలు మానుకోరాదు. గుండెకు, మూత్రపిండాలకు అవి మేలు చేస్తాయి. శుభ్రత పాటించి, అక్కడ వాపు గాని ఎరుపు గాని కనిపించిన రోజే డాక్టరుకు చెప్పుకోవాలి.

వైద్యం ఎలా ఉంటుంది?

దవాఖానాకు పోతే కోసేస్తారన్న భయం మగవారిని వెనక్కి లాగుతున్నది. నిజం వేరు. కత్తి పట్టడానికి తొందరపడవద్దని చెప్పే సందర్భాలు ఈ జబ్బులో చాలా ఉన్నాయి. నలుపు ఎండిపోయి, చీము, వాసన, జ్వరం లేకుండా ఉంటే దాన్ని ఎండు గాంగ్రీన్ అంటారు. అప్పుడు షుగర్‌ను అదుపు చేస్తారు. డయాలిసిస్‌ను అవసరాన్ని బట్టి పెంచుతారు. భాస్వరం, కాల్షియం పరీక్షించి మందులు మారుస్తారు. నొప్పికి మందు ఇచ్చి, పుండును పొడిగా, శుభ్రంగా ఉంచుతారు. కాల్సిఫైలాక్సిస్ అని తేలితే సోడియం థయోసల్ఫేట్ అనే మందును డయాలిసిస్ సమయంలో నరంలోకి ఎక్కించడం కూడా ఉంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ఈ జబ్బును పెంచుతుంది కనుక దాని బదులు వేరే మందు ఇవ్వవచ్చునా అని ఆలోచిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుదే. రోగి తానుగా మానితే గుండెకు ముప్పు. రక్తం సరిగా అందని చోట కోసిన గాయం మానదు. అందుకనే పరీక్షకు చిన్న ముక్క తీయడానికి కూడా డాక్టర్లు వెనుకాడతారు. కొందరిలో చచ్చిన భాగం విడిపోయి దానంతట అదే రాలిపోతుంది.

తడి గాంగ్రీన్ సంగతి వేరు. చీము పట్టి, వాసన వచ్చి, జ్వరం మొదలైతే ఆపరేషన్ ఆ రోజే జరగాలి. చచ్చిన భాగాన్ని తీసివేసి బతికిన భాగాన్ని కాపాడతారు. ఫోర్నియర్ జబ్బులో ఒక్క ఆపరేషన్‌తో సరిపోదు, రెండు మూడు సార్లు శుభ్రం చేయవలసి రావచ్చు. పుండు మానిన పిమ్మట తొడ చర్మం తీసి అతుకుతారు. అంగంలో ఎక్కువ భాగం తీయవలసి వస్తే మూత్రానికి కింద వేరే దారి చేస్తారు. అప్పటి నుంచి కూర్చొని మూత్రం పోయాలి. అంతకు మించి ఆ మనిషి సంపాదనకు గాని, ఇంటి పెద్దరికానికి గాని లోటు ఏమీ లేదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే ఆ మగవాడు పుండు మానినా మనసు చితికి మంచం పడతాడు.

ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది?

యాభై అయిదేళ్ళ రైతు ఒకరిని ఊహించుకొందాం. పన్నెండేళ్ళుగా షుగర్. బీడీ అలవాటు. అంగం కొన మీద పప్పు బద్దంత నల్ల మచ్చ కనిపించింది. మొదటి వారం పసుపు, కొబ్బరినూనె. రెండవ వారం మందుల షాపులో పేరు చెప్పకుండా ఒక ట్యూబు. మూడవ వారం ఆర్.ఎం.పి. దగ్గర లుంగీ విప్పకుండానే "మంట" అని చెప్పి నాలుగు సూదులు. అప్పటికి మిర్చి ఏరుడు వచ్చింది, కూలీలకు డబ్బు సర్దాలి. నెల తిరిగేసరికి వాసన దాచలేక భార్యకు తెలిసింది. ఆమె బలవంతం మీద దవాఖానాకు పోతే, మొదటి వారం మందులతో ఆగవలసినది ఇప్పుడు ఆపరేషన్ దాకా వచ్చింది. ఈ కథలో చెడ్డవాడు ఎవరూ లేడు. దారి పొడుగునా అడగనివారు, చెప్పనివారు మాత్రమే ఉన్నారు.

ఆయన ఎందుకు చెప్పలేదు? ఒక కారణం సిగ్గు. దానికంటె పెద్ద కారణం నింద. అక్కడ పుండు అనగానే "ఎక్కడ తిరిగి వచ్చావు?" అన్న ప్రశ్న వస్తుందని మగవాడికి తెలుసు. సుఖవ్యాధి అంటగడతారన్న భయంతో షుగర్ పుండును దాచుకుంటున్నాడు. రక్తం అందక వచ్చే ఈ జబ్బుకూ నడతకూ ఏ సంబంధమూ లేదు. ఒకవేళ సుఖవ్యాధే అయినా దానికీ మందు ఉన్నది, అదీ దాచవలసినది కాదు. అక్కడ నల్లమచ్చ కనిపించినంత మాత్రాన గాంగ్రీన్ అనీ అనుకోరాదు. కొన్ని నొప్పి గోలీలు, యాంటీబయాటిక్స్ పడనివారికి వాడినప్పుడల్లా అదే చోట నల్లమచ్చ వస్తుంది. మానని పుండు క్యాన్సర్ కూడా కావచ్చు. ఏది ఏమిటో చూసి చెప్పవలసింది డాక్టరే గాని లుంగీ చాటున మనం కాదు.

రెండవ కారణం మన ఆరోగ్య వ్యవస్థలోనే ఉంది. ఊరికి దగ్గరగా ఉన్నది ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఇద్దరూ ఆడవారే. తల్లీబిడ్డల కోసం ఏర్పడిన ఈ వ్యవస్థ ఎన్నో ప్రాణాలు నిలిపింది, అందుకు వారికి చేతులెత్తి మొక్కాలి. కాని మన ఊరి ఆడబిడ్డ, వరసకు కోడలో చెల్లెలో అయ్యే అమ్మాయి ఇంటికి వచ్చి బి.పి., షుగర్ చూస్తే, మామ వరస అయ్యే పెద్దమనిషి ఆమెకు ఈ సంగతి ఎట్లా చెబుతాడు? ఆమె మాత్రం ఎట్లా అడుగుతుంది? తప్పు ఇద్దరిదీ కాదు. మగవారి మాట వినడానికి ఒక మగ ఆరోగ్య కార్యకర్త అందుబాటులో ఉండాలి.

చేయవలసినవి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక పూట మగవారి పరీక్షలకు కేటాయించాలి. తెర ఉన్న గది ఒకటి, మగ సిబ్బంది ఒకరు ఉంటే చాలు, పెద్ద ఖర్చు లేదు. షుగర్ గోలీలకు వచ్చే ప్రతి మగవాడినీ, డయాలిసిస్‌కు వచ్చే ప్రతి రోగినీ రెండు ప్రశ్నలు అడగాలి. "కింద పుండు గాని, నలుపు గాని ఉన్నదా? నొప్పి గాని, వాపు గాని ఉన్నదా?" పాదాలు చూసినట్లే ఇదీ చూడాలి. డాక్టరు తానే ముందు అడిగితే రోగికి సగం సిగ్గు అక్కడే పోతుంది.

ఆర్.ఎం.పి.లు పల్లెకు అర్ధరాత్రి దిక్కు అన్న మాట కాదనలేము. వారిని కోరేది ఒక్కటే. చూడకుండా సూది వేయవద్దు. షుగర్ మనిషికి అక్కడ నలుపు గాని, వాసన గాని, జ్వరంతో వాపు గాని ఉంటే తమ దగ్గర ఒక్క రోజు కూడా ఉంచుకోకుండా పంపివేయాలి. మందుల షాపువారు ఇట్టి పుండుకు ట్యూబులు అమ్మడం మానాలి.

పోవడానికి చోటు లేక కాదు. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మన తాతల కాలం నుంచి పెద్దదిక్కుగా వరంగల్ ఎం.జి.ఎం. ఉన్నది. అక్కడ కుదరనివాటికి హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. మూత్ర సంబంధ శస్త్రచికిత్స నిపుణులు అక్కడ ఉన్నారు. జ్వరం, వాసన, పాకే వాపు ఉంటే 108కి ఫోను చేయాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏ చికిత్స అందులో వస్తుందో దవాఖానాలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. అప్పు పుట్టలేదని ఇంట్లో కూర్చోవలసిన పని లేదు.

ఇక ఇంటి సంగతి. షుగర్ ఉన్న మగవాడు రోజూ స్నానం చేసేటప్పుడు పాదాలతో పాటు అక్కడ కూడా చూసుకోవాలి. నీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. బీడీ మానాలి, ఎందుకంటే రక్తనాళానికి అంతకు మించిన శత్రువు లేదు. పసరు కట్లు, సున్నం, యాసిడ్ మందులు దగ్గరికి రానివ్వరాదు. చచ్చిన కండకు నొప్పి తెలియదు కనుక నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గిందని మోసపోరాదు. భార్యలకు ఒక మాట. చాలా ఇళ్ళల్లో ముందుగా తెలిసేది మీకే. బట్టల మీద మరక, వాసన, పక్కకు తిరిగి పడుకోవడం, నడకలో మార్పు మీ కంటపడతాయి. అనుమానించి నిలదీయకండి. "కాలికి వచ్చినట్లే ఇదీ, పద పోదాం" అనండి. ఆ ఒక్క మాట ఎన్ని సూదులకంటె గొప్ప వైద్యమో చెప్పలేము.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఈ జబ్బులో మొదటి వారం రోగి చేతిలో ఉంటుంది, ఆ తరువాతి వారాలు కత్తి చేతిలో ఉంటాయి. కాలి వేలును చూపించినంత ధైర్యంగా దీన్నీ చూపించే రోజు మన పల్లెలకు రావాలి. జిల్లా వైద్యాధికారులు వారానికి ఒక పూట మగవారి కోసం తలుపు తెరిస్తే, ఆ తలుపు దాకా నడిచి వచ్చే పని మనం చేద్దాం.